అంచు పెట్టిన మెట్లు

"డాక్టరు ఎక్కొచ్చన్నాడు, బయల్దేరినాం," అన్నాడు హేమంత్, అంతే, పెట్టేశాడు. మా ఆయన ఫోనులో ఎప్పుడూ ఇంతే, బస్సు కదిలిపోతున్నట్టు మాట్లాడతాడు. ఎక్కొచ్చు. అత్త మెట్లు ఎక్కొచ్చు. నేను హాలు మధ్యలో ఫోను పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుతున్నాను, ఆ నవ్వు సగంలోనే ఆగింది, ఎందుకంటే బయల్దేరినాం అన్నాడు, అంటే ఇప్పుడే, ఇంకా ఎండైనా దిగలేదు, పొద్దుగూకేదాకా రారనే కదా ఈ పొద్దున మిగతా మెట్లకు రంగు వేసింది. అనంతపురం నుంచి ధర్మవరం ఎంతసేపు, రోడ్డు ఖాళీగా ఉంటే గంట, హేమంత్ తోలితే గంటకు తక్కువే, అత్త పక్కన ఉంది కాబట్టి నెమ్మదిగా తోలతాడేమో, తోలాలి, తోలు నాయనా. వంగి కింది మెట్టును చిటికెన వేలితో ముట్టాను. వేలు అంటుకుంది. పైకి తీస్తే చిన్న చప్పుడు, నాలుక అంగిలికి కొట్టుకున్నట్టు. ఆరలేదు. పైన ఉన్నవి ఆరాయి, మధ్యవి దాదాపు ఆరాయి, కింది మెట్టు మాత్రం నా మీద కక్ష కట్టినట్టు అట్లాగే ఉంది, ఎందుకుండదు, పైనుంచి కిందికి వేసుకుంటూ వచ్చాను కదా, చివరగా వేసింది అదే, అత్త మొదట కాలు పెట్టేదీ అదే. ఈ మాట నాకు పొద్దున బ్రష్ పట్టుకున్నప్పుడు తోచి ఉంటే ఎంత బాగుండేది.

ఒక మెట్టు విడిచి ఒక మెట్టు వేయడం నా తెలివే. ఇంట్లో వాళ్లకు పై గదికి ఇంకో దారి లేదు, మేము అమ్మే పట్టుచీరలన్నీ పైనే, కొనడానికి వచ్చినవాళ్లకు చూపించాలంటే ఎక్కాలి దిగాలి. అందుకని మొన్న సగం మెట్లకు వేసి, వేసిన వాటి పక్కన గోడకు గుర్తుగా పాత వార్తాపత్రిక ముక్కలు అంటించి, వేయని వాటి మీద కాళ్లు పెట్టి పొండి అని చెప్పాను. మామ పంచె ఎగ్గట్టి అంగలు వేస్తూ ఎక్కుతుంటే నీళ్ల వంక దాటుతున్నట్టే ఉండింది, నవ్వితే కోపం వస్తుందని వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను. ఇవాళ మిగతా సగం. మామకూ హేమంత్‌కూ ఆ పద్ధతి సరిపోయింది, కాళ్లు పొడుగు. కానీ తుంటి ఎముక విరిగి లోపల స్టీలు కడ్డీ వేయించుకున్న మనిషి ఒక మెట్టు విడిచి ఇంకో మెట్టు ఎట్లా ఎక్కుతుంది, ఆమెకు ప్రతి మెట్టూ కావాలి, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టి నిలబడి ఊపిరి తీసుకోవాలి. ఇంట్లో వాళ్ల దారి గురించి ఆలోచించిన దాన్ని, అత్త అడుగు గురించి ఆలోచించలేదు. ఫ్యాను పెట్టాను, టేబుల్ ఫ్యాను, కింది మెట్టుకు ఎదురుగా, మనిషికి జ్వరం వస్తే పెట్టినట్టు. అది అటూ ఇటూ తల తిప్పుతోంది, తిప్పొద్దు, ఒకటే వైపు చూడు, వెనక మీట నొక్కితే ఆగింది. కిటికీ తెరిస్తే ఇంకా తొందరగా ఆరుతుంది. తెరిస్తే దుమ్ము. ఆషాఢం గాలి, పొద్దున్నించీ వీధిలో రేకులు చప్పుడు చేస్తూనే ఉన్నాయి, మబ్బులు వస్తాయి, మా ఊరిని దిగువన వదిలేసి ఎవరింటికో పోతున్నట్టు పోతాయి, గాలి మాత్రం మా ఇంట్లోనే దిగుతుంది ఎర్రమట్టి మూట ఎత్తుకుని. మూస్తే ఆరదు, తెరిస్తే మట్టి అంటుకుంటుంది. తెరిచాను. మళ్లీ మూశాను. వేలెడంత సందు ఉంచాను.

ఈ మెట్లు మొదటిసారి చూసిన రోజు నాకు పెళ్లి హడావుడి కంటే ఎక్కువ గుర్తు. తనకల్లులో మా నాయన అంగడి, అంగడి వెనక ఇల్లు, మిద్దె మీదికి పోవాలంటే ఇనుప నిచ్చెన, అది కూడా చింతపండు ఎండబెట్టడానికే. ఇక్కడ హాల్లో మూల నుంచి మొదలై గోడ పక్కన పైకి పోయే చెక్క మెట్లు, పక్కన పట్టుకోవడానికి చెక్క కమ్మీ, ఇంట్లోనే ఇంకో ఇంటికి దారి ఉన్నట్టు. కొత్తకోడల్ని, బరువు చీర, కాళ్లకు పసుపు తడి, ఎక్కాలంటే భయం. అత్త వెనక వచ్చి నా కుచ్చెళ్లు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, కింద చూడద్దు, ముందర చూడు, నేనుండాను గదా వెనక, అంది. నా చీర కుచ్చెళ్లు ఎవరైనా ఎత్తి పట్టుకోవడం అదే మొదలు, మా అమ్మ కూడా పట్టుకోలేదు. పైకి పోతే ఆ గది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, నేల మీద జంబుకాన, చుట్టూ బీరువాల్లో చీరలు. ఉత్తరం వెలుగులో రంగు అబద్ధం చెప్పదు అనేది అత్త. నేను చూస్తే ఎరుపు, ఆమె చూస్తే అందులో నాలుగు ఎరుపులు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, రెండూ కలిసి మూడో రంగు పుడుతుంది, కదిలిస్తే ఒకటి, మడిస్తే ఇంకొకటి, ఆ మూడో రంగుకు పేరు పెట్టే పని అత్తది. వంగపండు అంటారు అందరూ, ఆమె మాత్రం లేత వంకాయ అనో, తొడిమ దగ్గరి వంకాయ అనో అంటుంది. నేను ఫోను పట్టుకుని వీడియో తీసి, ఆ పేర్లే చెప్పి అమ్ముతాను, హైదరాబాదు వాళ్లు, బెంగళూరు వాళ్లు, ఆ తొడిమ దగ్గరి వంకాయ చీర పంపండమ్మా అని అడుగుతారు. ఆమె కన్ను, నా నోరు. ఏళ్ల తరబడి మేమిద్దరం ఆ కిటికీ కింద కూర్చుని ఇదే పని చేశాం, నాకు అంతకంటే సంతోషమైన చోటు ఇంకొకటి లేదు, ఈ మాట ఎవరికీ చెప్పలేదు, అత్తాకోడళ్లకు అట్లా ఉంటుందంటే నవ్వుతారు.

మళ్లీ ముట్టాను. వేలు అంటుకుంది, కానీ ఈసారి చప్పుడు తక్కువ. పైన పొర కట్టింది. ఈ ఎండలకు ఇదొక మోసం, పైన గట్టిపడ్డట్టు ఉంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది, మొదటి కోటింగు మందంగా వేసి నేను పడిన అవస్థ నాకే తెలుసు, బొటనవేలు పెడితే చర్మంలా జరిగింది, అంతా గీకేసి మళ్లీ మొదలు. పలచగా వేయాలి, ఆరనివ్వాలి, మళ్లీ పలచగా వేయాలి. తొందరపడేదానికి కాదు ఈ పని, అందుకే నాకు ఇచ్చి ఉంటాడు దేవుడు, సరదాకి. ఇప్పుడు ఎక్కడికి వచ్చి ఉంటారు. రాప్తాడు. రాప్తాడు దగ్గర హేమంత్ టీ తాగకుండా ఉండడు, ఎప్పుడూ ఆపుతాడు, ఆపు, ఈ ఒక్కరోజు రెండు టీలు తాగు. అత్త దిగదు, కారులోనే కూర్చుని ఉంటుంది, కిటికీ లోంచి బయటికి చూస్తూ, ఏమీ మాట్లాడకుండా. ఎక్కొచ్చన్నాడు డాక్టరు, సరే, అత్త ఏమంది. అది చెప్పలేదు హేమంత్. చెప్పడానికి ఆమె ఏమైనా అని ఉంటే కదా.

ఆమె పడిన రోజు కూడా ఇట్లాగే పగటి వేళ. నేను కింద అన్నం వారుస్తున్నాను, పైన ఎవరో చీరలు చూడటానికి వచ్చి పోయారు, అత్త గుండెలకు ఆనించి గడ్డం దాకా చీరల మడతలు పట్టుకుని దిగుతోంది, పాదం కనపడదు, మెట్టు కనపడదు, అయినా ఎన్నేళ్లుగా దిగుతోంది అట్లాగే. చప్పుడు పెద్దగా రాలేదు. చీరలు పడిన చప్పుడు మెత్తగా, తరువాత ఆమె, తరువాత ఏమీ లేదు. నేను పరుగెత్తి వచ్చేసరికి ఆమె కింద పడి ఉంది, చుట్టూ రంగులు, ఆమె నన్ను చూసి మొదట అన్న మాట, చీరలు తీ, నలుగుతాయి. అనంతపురం ఆసుపత్రి, ఆపరేషను, నెలల తరబడి మంచం. ఇంటికి వచ్చిన రోజు ఆమెకు హాల్లోనే మంచం వేశాం. కళ్లు తెరిస్తే ఎదురుగా మెట్లు. మరుసటి రోజే, నా మంచం అటు తిప్పండి అంది. తిప్పాం. గోడ వైపు. ఇప్పటికీ ఆ మంచం గోడకే ఎదురుగా ఉంది, నడవగలుగుతోంది, కర్ర పట్టుకుని వాకిలి దాకా పోతుంది, వస్తుంది, మెట్లకు మాత్రం వీపు. చీరలు కిందికి తెచ్చి ట్యూబులైటు కింద చూపిస్తే, పచ్చలన్నీ ఒకటిగా అగుపడతాండాయి, మీరే చూసుకోండి, అని కళ్లు మూసుకుంటుంది. వీడియోల్లో నేనే పేర్లు పెడుతున్నాను ఇప్పుడు. వంకాయ రంగు అంటున్నాను. ఉట్టి వంకాయ.

వాకిలి తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది, గాలి లోపలికి, వచ్చేశారా, కాదు, ఈరప్ప. మామ పిలిపించిన మేస్త్రీ. తలుపు వేయన్నా, ముందు తలుపు వేయి, అన్నాను గట్టిగా, పాపం బెదిరిపోయాడు. గాలితో పాటు వచ్చిన వేపాకు ఒకటి సరిగ్గా కింది మెట్టు మీద, పచ్చి అంచు మీద వాలింది. చీరలో తేలిన పోగులు తీసే చిమటా ఎప్పుడూ నా కొంగుకు గుచ్చి ఉంటుంది, ఊపిరి బిగబట్టి దాంతో ఆకును తీశాను, చిన్న గుర్తు పడింది, పడితే పడనీ. ఈరప్ప చెప్పులు విప్పి, టేపు తీసి, పైన కొలత చూసుకొని పోతానమ్మా అని మెట్టు వైపు వచ్చాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. పెద్దాయన రమ్మన్నాడమ్మా అన్నాడు. ఆరలేదన్నా, కూర్చో, టీ ఇస్తాను అన్నాను. లోపలి గదిలోంచి మామ లేచి వచ్చాడు, నిద్ర కళ్లతో నన్నూ ఫ్యానునూ మెట్లనూ చూసి బెంచీ మీద కూర్చున్నాడు. మామ రామకృష్ణయ్య ధర్మవరంలో పట్టు బేరంలో పండిన మనిషి, ఏ మాటైనా ఒకసారే అంటాడు. ఆయన అనుకున్నదేమిటంటే, ఈ చెక్క మెట్లు పీకేసి సిమెంటు మెట్లు కట్టించాలి, వెడల్పుగా, ఏటవాలు తక్కువగా. కట్టించొచ్చు. కానీ వెడల్పు మెట్లు ఊరికే రావు, పై గదిలో సగం వాటికే పోతుంది, ఉత్తరం కిటికీ కాడికి గోడ వస్తుంది, కిటికీ మూయాలి. లైట్లు పెట్టుకుంటే సరిపోదా అన్నాడు హేమంత్. వెలుగు గురించి వీళ్లకు చెప్పడం నా వల్ల కాదు. అత్తను అడిగితే, మీ ఇష్టం అంది, గోడ వైపు చూస్తూ. ఆ మీ ఇష్టం విని నాకు ఏడుపు, కోపం, రెండూ. అప్పుడే మామను అడిగాను, డాక్టరు చూసేదాకా ఆగమని, ఈలోగా మెట్లు నేను బాగు చేస్తానని. ఆయన అన్నాడు.

"డాక్టరు చూసిన పొద్దు మీ అత్త తనంతట తాను ఆ మెట్లు ఎక్కితే సరే. లేదంటే ఆ పొద్దే ఈరప్పతో పని మొదలుపెట్టిస్తా. మళ్లీ నన్ను అడగద్దు."

ఆ పొద్దు ఇదే. టీ గ్లాసు ఈరప్పకు ఇస్తుంటే నాకు భయం లేదు, ఏదో తిరునాళ్లకు పోతున్నట్టుంది. ఎందుకో నమ్మకం. ఎందుకంటే ఈ మెట్ల సంగతి నాకు తెలిసినంత ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. బోర్లాపడుకుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్ల మీద కూర్చుని ప్రతి మెట్టునూ గీకాను. రంగు గీకే బ్లేడుతో గీకితే మొదట ఊడింది మా పెళ్లికి వేసిన ముదురాకుపచ్చ, దాని కింద మా ఆడబిడ్డ త్రివేణి పెళ్లికి వేసిన నీలం, దాని కింద ఇంకెవరి పెళ్లికో వేసిన బూడిద రంగు, ఈ ఇంట్లో పెళ్లైతే మెట్లకు రంగు పడాల్సిందే, పాతది తీయరు, దాని మీదే ఇంకొకటి. వాటన్నిటి కింద చెక్క. టేకు. నల్లగా, మెత్తగా, నూనె తాగి తాగి ఉన్న టేకు, ఎన్నేళ్లైనా పుచ్చు లేదు, చెద లేదు, నాకు ముద్దొచ్చింది, నిజంగా చెంప ఆనించాను. పక్కన ఎవరూ లేరులే అనుకుని.

కానీ గీకుతున్నప్పుడు బ్లేడు జారిన సంగతి ఎవరికీ చెప్పలేదు. రంగు మీద, అన్నిటికంటే పైన, పచ్చరంగు మీద, ఇంకో పొర ఉంది. జిగట. గోరుతో తీస్తే బంకలా వస్తుంది, వాసన చూస్తే ఆముదం. అప్పుడు నాకు అర్థమైంది. అర్థమై చేతిలో బ్లేడు పట్టుకుని ఆ మెట్టు మీదే కూలబడ్డాను. ప్రతి అమావాస్యకు అత్త గుడ్డకు ఆముదం అద్ది మెట్లు తుడిచేది, ఆమెకు వాళ్ల అత్త నేర్పింది, వాళ్ల అత్తకు ఆమె అత్త. రంగు లేని రోజుల పద్ధతి అది. ఉత్త చెక్క ఆముదం తాగేస్తుంది, తాగి బలపడుతుంది, చెద దగ్గరికి రాదు. పెళ్లి పెళ్లికీ మెట్ల మీద ఎనామిల్ పెయింటు పడింది, అమావాస్య అమావాస్యకూ ఆముదం మానలేదు. రంగు నూనె తాగదు. పైన నిలబడిపోతుంది. అత్తకు ఆ మెరుపు ఇష్టం, అద్దంలా ఉండాయి చూడు నా మెట్లు అనేది. ఎవరూ తప్పు చేయలేదు, ఒక మంచి పద్ధతి మీద ఇంకో మంచి పని పడింది, అంతే. ఆమె పడింది అమావాస్య మరునాడు. నేను పంచాంగం చూడాల్సిన పని లేదు, ఆ ముందురోజు ఆమెకు గుడ్డ అందించింది నేనే.

చెప్పి ఉంటే ఒక్క మాటలో పని అయిపోయేది. మెట్లది తప్పు కాదు మామా, నూనెది, అని. మెట్లు మిగిలేవి. కిటికీ మిగిలేది. కానీ ఆ మాట గోడ వైపు తిరిగి ఉన్న అత్త వీపుకు తగిలేది, ఈ ఇంటికి వచ్చేపోయే ప్రతివాళ్లూ, అయ్యో తల్లీ నీ చేత్తోనే నువ్వు తెచ్చుకుంటివా, అనేవాళ్లు. అనరా మా వీధిలో, తప్పకుండా అంటారు, పళ్లెంలో పెట్టి మరీ అంటారు. అందుకని నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు ఎంత కష్టమో మా అమ్మను అడగండి. మాటకు బదులు పని చేశాను. వేడినీళ్లలో సబ్బు పొడి కలిపి జిగట అంతా కడిగాను, టర్పెంటుతో తుడిచాను, ఉప్పుకాగితంతో రుద్దాను, చెక్క సందుల్లో లప్పం పెట్టాను, కిర్రుమనే మెట్లకు కొత్త మరలు బిగించాను, ప్రైమరు వేశాను. చిత్రావతి ఏటి ఇసుక ఒక డబ్బెడు తెప్పించి, కడిగి ఎండబెట్టి, చినిగి పలచబడిన పట్టుచీర ముక్కలో జల్లించాను, ఆ గుడ్డలోంచి దిగింది పిండి లాంటి ఇసుక. దాన్ని రంగులో కలిపాను. కాలికి గరుకు తెలియాలి, గుచ్చుకోకూడదు. ఎంత కలపాలో చెప్పేవాళ్లు లేరు, పాత పలక మీద వేసి ఆరబెట్టి, కళ్లు మూసుకుని పాదంతో రుద్ది రుద్ది చూసుకున్నాను, మామ ఒకసారి చూసి ఈ అమ్మాయికి ఏమైంది అన్నట్టు వెళ్లిపోయాడు.

రంగు గురించే ఎక్కువ రాత్రులు నిద్ర పట్టలేదు. అత్తను అడగకుండా రంగు ఎంచడం. చివరికి కాల్చిన ఇటుక రంగు వేశాను, మా ఊరి దుమ్ము పడినా దానిలో కలిసిపోతుంది. ప్రతి మెట్టు కొసనా పసుపు పట్టీ గీశాను, పెద్దవాళ్ల కళ్లకు మెట్టు ఎక్కడ అయిపోతుందో తెలియాలి కదా, అందుకు. గీశాక వెనక్కి జరిగి చూస్తే నాకే నవ్వొచ్చింది, ఇటుక రంగు ఒళ్లు, పసుపు అంచు, వరసగా మడతపెట్టిన చీరలే. నా చెయ్యి ఇంకేం గీస్తుంది. అత్త చూస్తే ఏమంటుంది, ఏదో ఒకటి అనాలి, బాగాలేదని అయినా అనాలి, దేవుడా, మీ ఇష్టం అని మాత్రం అనకూడదు.

కారు. హారను కాదు, ఆ ఇంజను చప్పుడే, వీధి మలుపులో గేరు మార్చే తీరు నాకు తెలుసు. మామ లేచి నిలబడ్డాడు. ఈరప్ప గ్లాసు కింద పెట్టి టేపు చేతిలోకి తీసుకున్నాడు. నేను ఫ్యాను లాగేశాను, వైరు కాలికి తగులుతుందని, కింది మెట్టును ముట్టాలని వంగాను, ముట్టకుండానే లేచాను, ఇప్పుడు ముట్టి ఏం లాభం. హేమంత్ తలుపు తీశాడు, వెనక అత్త, చేతిలో కర్ర, నుదుట చెమట, దారి దుమ్ము. రామసుబ్బమ్మ. ఆమె పేరు నేను మనసులో అనుకోవడం కూడా అరుదు, ఆ క్షణాన ఎందుకో అట్లా కనిపించింది, ఒక పేరున్న మనిషిగా, నాకు అత్తగా కాకుండా. ఆమె మామూలుగా మంచం వైపు నాలుగు అడుగులు వేసింది. మంచం దాకా పోయింది, కొంగుతో మొహం తుడుచుకుంది, ఈరప్పను చూసింది, టేపును చూసింది, మామను చూసింది. నేను ఎక్కమని అనబోయి నాలుక కరుచుకున్నాను, తనంతట తాను అన్నాడు కదా మామ. అప్పుడు ఆమె ఇటు తిరిగింది. గోడ నుంచి ఇటు. మెట్లను కింది నుంచి పైదాకా చూసింది, చీర బేరమాడేటప్పుడు చూసినట్టు, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా.

ఆరలేదత్తా, కింది మెట్టు ఒకటి ఇంకా ఆరలేదు, కాస్సేపు ఆగు, అన్నాను నేను. ఆమె వినలేదు, లేదా వినపడనట్టు ఉంది. కర్ర గోడకు ఆనించి, కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు లేపి పెట్టింది. సరిగ్గా కింది మెట్టు మీద. తరువాత రెండో కాలు. నిలబడింది. పై మెట్టుకు కాలు లేపబోయింది, రాలేదు. అంటుకుంది. హేమంత్ ముందుకు దూకాడు, మామ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె మళ్లీ లాగింది, పాదం చప్పుడు చేస్తూ వచ్చింది, అరికాలు నిండా ఇటుక రంగు, మెట్టు మీద ఆమె మడమ, వేళ్లు, అచ్చుగా. ఆమె వంగి దాన్ని చూసింది. చూసి నవ్వింది. నెలలైంది ఆ నవ్వు విని, మొదట అది ఆమె నుంచే వచ్చిందని నాకు తెలియలేదు.

"ఇదేందే జ్యోతీ, జారనీకపోగా నన్ను పట్టుకుంటాండాదే."

ఇంక ఆగలేదు. ఆరిన మెట్టు, సగం ఆరిన మెట్టు, మంచి కాలు ముందు, రెండోది వెనక, నిలబడి ఊపిరి, మళ్లీ. నేను ఆమె వెనక, రెండు చేతులూ చాపుకుని, ముట్టుకోకుండా, నా పాదాలు కూడా ఇటుక రంగు అయిపోతున్నాయి, అయిపోనీ, రేపు మళ్లీ వేస్తాను, వంద సార్లు వేస్తాను. సగం దూరంలో ఆమె ఆగి కుడిపాదంతో మెట్టును మెల్లగా రాసింది, ఇటూ అటూ, గుడ్డ బరక చూసినట్టు. తరువాత నా వైపు తిరగకుండానే అడిగింది, దీన్ని దేంతో తుడవల్ల అని. తడిగుడ్డ చాలత్తా అన్నాను, పిండేసిన తడిగుడ్డ. నూనో, అంది. వద్దత్తా అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. కింద ముగ్గురు మగవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. ఆమె కమ్మీ గట్టిగా పట్టుకుని, వాళ్లకు వినపడేటట్టే అంది.

"తెలుసులే. పడిన పొద్దే తెలుసు. నా చేత్తో నేనే పూసుకొని, నేనే జారి, మీరంతా ఈ మెట్లను తిడతాంటే వింటా పండుకొనింటి. మీరు వాటిని పీకేస్తామంటే కూడా నోరు తెరవకపోతిని. సిగ్గుతో అమ్మీ."

మామ బెంచీ మీద కూర్చున్న చప్పుడు, ఈరప్ప టేపు దానంతట అదే చుట్టుకున్న చప్పుడు. నేను అప్పుడు ఆమె నడుము చుట్టూ చెయ్యి వేశాను, తనంతట తాను ఎక్కాలన్న మాట ఉంటే ఉండనీ, వేయకుండా ఉండలేకపోయాను. ఆమె నా చెయ్యి తీసేసింది, కోపంగా కాదు, పని ఉన్న మనిషి తీసేసినట్టు. వదులు, ఎక్కుతాండా గదా, అంది. మిగిలిన మెట్లు ఎక్కింది. చివరి మెట్టు మీద రెండు కాళ్లూ చేరాక పై గది గడప పట్టుకుని కాసేపు నిలబడింది, ఆమె వీపు ఎగిరెగిరి పడుతోంది, నేను ఆమెకు ఒక మెట్టు కింద నిలబడి ఏడుస్తున్నానో నవ్వుతున్నానో, రెండూ. ఆమె లోపలికి పోయి కిటికీ రెక్క తీసింది, గాలి, దుమ్ము, అన్నీ వచ్చాయి, వెలుగు కూడా. జంబుకాన మీద గోడకు ఆనుకుని కాలు చాపుకుని కూర్చుంది, అరికాలు రంగు కొంగుతో తుడుచుకోబోయి మానుకుంది.

"శ్రావణానికి వచ్చిన చీరలు తియ్యి. పేర్లేం పెట్టినావో చూస్తా," అంది.